సున్నా చుట్టిన నక్షత్రాలు

జర్నల్‌లో అచ్చయిన పేపర్‌ను ద్వాలి పైనుంచి కిందికి మూడుసార్లు వెతికింది. పైన ఒక్కటే పేరు, సుజనక్కది. అట్టడుగున ధన్యవాదాల్లో, చీమ తలకాయంత అక్షరాల్లో, 'డేటా ఎంట్రీలో సాయపడిన ద్వాలికి' అని ఉంది. డేటా ఎంట్రీనట! ద్వాలికి ఒళ్ళు మండిపోయింది.

మరి మూడేళ్ళ చాకిరీ ఎవరిది? ఇద్దరూ పాల్వంచలో ఒకే డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతారు. సుజన పర్మనెంటు, ద్వాలి గెస్టు. ముసలితనంలో ఎర్రగా ఉబ్బిపోయిన రెడ్ జెయింట్ నక్షత్రాలు కూడా మన సూర్యుడిలాగే లోపల మరిగే వాయువుల వల్ల సన్నగా అదురుతుంటాయి. సూర్యుడి అదురు అయిదు నిమిషాలకోసారైతే వీటిది గంటలు, ఒక్కోసారి రోజులు. అంతరిక్ష టెలిస్కోపు కొలిచి అందరికీ ఇచ్చే వెలుగు లెక్కల్లోంచి ఆ అదురును ఏరి పట్టి తన నోట్‌బుక్కులో ఎక్కించింది ద్వాలే. ప్రతి ఆదివారం అడవి అంచు తండా నుంచి బస్సెక్కి, షేర్ ఆటో మారి, ఖానాపురం హవేలిలో సుజన ఇంటి కంప్యూటర్ ముందు కూర్చునేది. సుజన "చెల్లీ" అంటూ అన్నం కలిపి ముద్దలు కూడా పెట్టింది. ఈ పేపర్ మీద పేరుంటేనే సోమవారం ఇంటర్వ్యూలో పీహెచ్‌డీ సీటు మీద ఆశ.

ఆ మధ్యాహ్నమే వెళ్ళి సుజనను ఇంటి గుమ్మంలో నిలదీసింది.

"నా పేరు ఏడబోయింది అక్కా?"

"గెస్టు ఫ్యాకల్టీ పేరుంటే ఎవరు విలువిస్తారే? ముందు నా ప్రమోషన్ కానీ. ఇంకో పేపర్‌లో నీ పేరే ముందు పెడతాలే. కూర్చో, టీ తాగు."

ద్వాలి కూర్చోలేదు. పేపర్ చివరి పట్టిక మీద వేలు పెట్టింది. 'అనుమానానికి తావులేనివి' అని పదకొండు నక్షత్రాలు.

"ఇవి ఎట్ల ఏరినవ్?"

"నీ నోట్‌బుక్కులో నువ్వే సున్నా చుట్టావు కదా!"

ద్వాలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏళ్ళ తరబడి ఎంట్రెన్సు కోచింగులు చెప్పిన సుజనకు సున్నా చుట్టారంటే అది సరైన జవాబు. ద్వాలి వాళ్ళమ్మ మాత్రం అద్దాల రవిక కుట్టేటప్పుడు తప్పుగా పడిన కుట్టు చుట్టూ సుద్దతో సున్నా గీస్తుంది, తర్వాత విప్పడానికి గుర్తుగా. ద్వాలికి వచ్చింది ఆ అలవాటే.

"అవి తప్పు అక్కా. పక్క నక్షత్రం వెలుగు కలిసి కనపడ్డ అదురు. తీసేద్దామని చుట్టిన. ఒక్క మాట అడిగితే చెప్పకపోదునా?"

సుజన ముఖం పాలిపోయింది. గబుక్కున ద్వాలి చెయ్యి పట్టుకుంది. "జర్నల్ వాళ్ళకు ఇప్పుడేం రాయాలే? నువ్వే సరిచెయ్యి చెల్లీ, నీకు పుణ్యముంటుంది. నీ పేరూ చేరుద్దాం. ఆ నోట్‌బుక్కు ఇలా ఇవ్వు."

తప్పు బయటపడ్డాక గుర్తొచ్చిందన్నమాట పేరు! ద్వాలి కళ్ళు నిండాయి. చెయ్యి విడిపించుకుని, నోట్‌బుక్కు ఉన్న సంచీని చంకలోకి లాక్కుంది.

"ఇది సోమవారం నాతోటి ఇంటర్వ్యూకు వస్తది. ఇగ ఆ పేపర్ సంగతంటవా, నన్నేం అడుగుతవ్ అక్కా? నేను డేటా ఎంట్రీ చేసినదాన్ని."