మా నాయన తెలుగు

ఎనభై అయిదో సంవత్సరం మే నెలలో గుంటూరు బ్రాడీపేటలో తెలుగు పండితుల కోసం పదిహేను రోజులు భాషాశాస్త్ర పరిచయ తరగతులు పెట్టారు. ప్రకాశం జిల్లా నుంచి వెళ్ళిన ఆరుగురిలో నేనొక్కదాన్నే ఆడమనిషిని. హాజరు పిలుస్తూ ఖాజాబీ అనగానే హాల్లో నలభై తలలు వెనక్కి తిరిగాయి. తెలుగు పండితురాలికి ఈ పేరేమిటని వాళ్ళ సందేహం. పదిహేనేళ్ళుగా ఆ చూపు నాకు అలవాటే. అలవాటైందని కోపం రాకుండా పోతుందా? నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది.

మేము దూదేకులవాళ్ళం. మాది దర్శి పక్కన పల్లెటూరు. మా నాయన బుడాన్ విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పత్తి ఏకేవాడు, పరుపులూ బొంతలూ కుట్టేవాడు. నమాజుకు కావలసిన నాలుగు అరబ్బీ ముక్కలు తప్పిస్తే మా బతుకంతా తెలుగే. ఏడ్చినా తెలుగులోనే, తిట్టుకున్నా తెలుగులోనే. ఈ సంగతి మా ఊళ్ళో అందరికీ తెలుసు. ఊరి పొలిమేర దాటితే ఎవరికీ తెలియదు.

పాఠాలు చెప్పింది శ్యామలాంబగారు, యూనివర్సిటీ నుంచి వచ్చిన భాషాశాస్త్రవేత్త. మొదటిరోజే ఆవిడ మా అందరినీ గొంతు మీద చెయ్యి పెట్టుకోమన్నారు. “స్స్స్ అనండి. ఇప్పుడు మ్మ్మ్ అనండి. తేడా చేతికి తెలిసిందా? ఒకదానికి గొంతు అదరలేదు, రెండోదానికి అదిరింది. ధ్వనిశాస్త్రం అక్కడ మొదలవుతుంది” అన్నారు. నలభైమంది పండితులం సొంత గొంతులు పట్టుకుని బుస కొడుతూ మూలుగుతూ ఉంటే, కిటికీ అవతల స్కూటరు మీద పోతున్న ఒకాయన బండి ఆపి మరీ చూశాడు.

రోజుకొక మెట్టు ఎక్కించారు. ధ్వనులు కలిసి పదం ఎలా అవుతుంది, పదానికి తోకలూ కొమ్ములూ ఎలా వస్తాయి, వాక్యంలో ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారు, అర్థం మాటలో ఉంటుందా మనిషిలో ఉంటుందా. రెండో వారంలో సమాజం సంగతికి వచ్చారు. “మిర్చి యార్డులో దళారితో మాట్లాడే రైతూ, ఇంటికెళ్ళి ఎద్దుతో మాట్లాడే రైతూ ఒక్కడే. మాట మాత్రం ఒక్కటి కాదు. ఎవరితో, ఎక్కడ, ఎందుకు అన్నదాన్ని బట్టి మారుతుంది. దాన్ని చదివేది సామాజిక భాషాశాస్త్రం” అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు. “పండితుల పని దిద్దడం. మా పని వినడం. ఈ పదిహేను రోజులూ ఎర్రసిరా కలాలు ఇంట్లో పెట్టి రండి.”

ఆ మాటకు అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకో తర్వాత చెబుతాను.

చివరి మూడు రోజులు పని నేర్చుకోవడం. ఒక్కొక్కరూ ఒక వృత్తిదారుణ్ణి తీసుకురావాలి. అతని పనిలో మాటలు టేపు మీదకి ఎక్కించాలి. ఆ టేపులు మనిషి పేరుతో, ఊరి పేరుతో యూనివర్సిటీలో భద్రంగా ఉంటాయి. జిల్లాల వృత్తి పదాలు సేకరించి పుస్తకం వేసినప్పుడు వాటినే ఆధారం చేసుకుంటారు. షరతు ఒక్కటే. ఆ మనిషి మాతృభాష తెలుగై ఉండాలి.

నేను మా నాయన పేరు ఇచ్చాను. ఆయనకు అప్పటికి అరవై ఎనిమిదేళ్ళు. మిషన్లు వచ్చాక ఆయన్ని పిలిచేవాళ్ళు తగ్గారు, నా తమ్ముళ్ళెవరూ విల్లు పట్టలేదు. ఆ పని ఆయనతో పోతుంది. మాటలైనా మిగలాలి, టేపు పెట్టె మీద బుడాన్ అని పేరుండాలి అని నా ఆశ. ఆశ కాదు, పంతం.

ఫారాలు నింపే పని త్యాగరాజుగారు తీసుకున్నారు. గుంటూరులో పాతికేళ్ళ సర్వీసున్న పండితుడు, చేతిరాత ముత్యాల కోవ. మా నాయన ఫారంలో మాతృభాష అన్నచోట ఆ ముత్యాల్లాంటి అక్షరాలతోనే ‘ఉర్దూ’ అని రాసిపెట్టారు. నన్ను అడగనైనా అడగలేదు.

“ఎవరు చెప్పారండీ మీకు?” అని మీదికి వెళ్ళాను.

“సాయిబులకు ఉర్దూయే కదమ్మా. నేనేం అవమానంగా రాయలేదే! నువ్వంటే చదువుకుని తెలుగు నేర్చుకున్నావు, అది గొప్ప విషయమే.”

నేర్చుకున్నానట! ఒళ్ళు మండిపోయింది. గొడవ విని శ్యామలాంబగారు వచ్చారు. ఫారం చూశారు. “వాదన దేనికి? రేపు ఆయన్నే విందాం” అన్నారు. అంటే మా నాయన మాటను బట్టే ఆ టేపు ఉంటుందో ఊడుతుందో తేలుతుంది.

మర్నాడు పొద్దున్నే మా నాయన దర్శి బస్సు దిగాడు. ఉతికిన లుంగీ, తెల్ల చొక్కా, భుజాన విల్లు, సంచినిండా పత్తి. హాల్లో చాప పరిచి మైకు ముందు కూర్చోబెట్టాం. శ్యామలాంబగారు విల్లు చూపించి, “ఇదేమిటండీ? దీంతో ఏం చేస్తారు?” అని అడిగారు.

మా నాయన గొంతు సవరించుకున్నాడు. “దీనిని ధనుస్సు అందురండి. దీని సహాయముతో మేము ప్రత్తిని శుభ్రపరచెదము.”

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. శ్యామలాంబగారు ఇంకోటి అడిగారు, ఇంకోటి అడిగారు. అన్నిటికీ అదే వరస. పాఠ్యపుస్తకం, రేడియో వార్తలు కలిపి వడగట్టినట్టు. చెమటలు కక్కుతూ ఒక్కొక్క మాటా ఏరుకుని మాట్లాడుతున్నాడు. మధ్య మధ్యలో నా మొహం చూస్తున్నాడు, సరిగ్గా చెబుతున్నానా అన్నట్టు.

త్యాగరాజుగారు నెమ్మదిగానే అన్నారు. “చూశారుగా మేడమ్. పాపం, ఎంత కష్టపడి నేర్చుకున్నాడో. పుట్టుకతో వచ్చిన మాట ఇలా ఉండదు.”

శ్యామలాంబగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “టేపులో ఏముందో అదే మనం రాసుకోగలం ఖాజాబీ” అన్నారు. తర్వాతి మనిషిని పిలవడానికి కాగితం చేతిలోకి తీసుకున్నారు.

అప్పుడు నేను లేచి నిలబడ్డాను. నలభైమంది ముందు ఆ మాట చెప్పడం తేలిక కాదు. అయినా చెప్పాను. 

“తప్పు మా నాయనది కాదండీ, నాది. నేను పండిత ట్రైనింగు అయి కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు మా హెడ్మాస్టరు మా ఇంటికొచ్చారు. మా నాయన సంబరపడిపోయి, ‘కుచ్చోండి సారూ, సల్ల తాగుతారా’ అన్నాడు. నేను సిగ్గుపడి ఆయన ముందే దిద్దాను. ‘అట్లా అనకూడదు నాయనా, కూర్చోండి, మజ్జిగ తాగుతారా అనాలి’ అన్నాను. మా నాయన మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్ళాడు. ఆ రోజు నుంచి నా ఎదుట సొంత మాట మాట్లాడటం మానేశాడు. నేను ఇంటి దగ్గర పిల్లలకు పాఠం చదువుతుంటే అరుగు మీద కూర్చుని విని నేర్చుకున్నాడు ఈ అందురూ చేసెదమూ. నా పరువు కోసం. పదిహేనేళ్ళుగా మా నాయన నాతో మాట్లాడిన తెలుగు ఇదేనండీ.”

మా నాయన తల దించుకుని చాప అంచు సరిచేస్తున్నాడు. 

“మాటలు అడగొద్దు మేడమ్. పని చెయ్యనివ్వండి” అన్నాను.

ఆవిడ నా వంక ఒక్క క్షణం చూసి, త్యాగరాజుగారి చేతిలో ఫారం పక్కన పెట్టించి, “కానివ్వండి” అన్నారు. మైకు అలాగే ఉంచారు.

నేను కొంగు బిగించి చాప మీద కూర్చున్నాను. చిన్నప్పుడు నాయన ఏకుతుంటే ముందు పత్తి పరిచేది నేనే. నాయన విల్లు ఎత్తి కొయ్యతో నారి మీద కొట్టాడు. టంగు టంగుమని హాలంతా మోగింది. ఆ మోతకు ఆయన బిగుసుకున్న భుజాలు వాటంతటవే సడలాయి. నేను సంచిలోంచి పత్తి తీసి నారి కిందకు తోశాను.

“కొంచెము పలుచగా వేయమ్మా” అన్నాడు.

వేశాను. 

“ఇంకా పలుచగా” అన్నాడు. 

మళ్ళీ వేశాను. కావాలని చెడగొట్టానని తర్వాత చాలామంది అన్నారు. ఒట్టు, కాదు. పదిహేనేళ్ళు సుద్దముక్క పట్టిన చేతికి నిజంగానే ఆ పని చేతకాలేదు. మూడోసారి పెద్ద ముద్ద పోయి నారికి చుట్టుకుంది. విల్లు గుర్రుమని ఆగిపోయింది.

“ఒసే ఖాజా!” అని ఒక్క అరుపు అరిచాడు మా నాయన. “ఏందే అది, గడ్డిమోపు ఎత్తేసినట్టు ఎత్తన్నావు? ముద్దలెయ్యమాకే అంటంటే ఇనపడ్లా? పింజ పింజ ఇడదీసి పరువు. నారి తెగిందనుకో, నీ మొగుడొచ్చి కడతాడా ఏందే? ముందా తుక్కు ఏరు. ఆకు తుక్కంతా అట్టానే ఉంది, కళ్ళు యాడ బెట్టావు? చేతులా అయ్యి, చేటలా? ఇట్టా జూడు, రెండేళ్ళతో పట్టుకుని ఇట్టా లాగాల. ఏం పంతులమ్మవే నువ్వు, పత్తి పరవటం రాదు గానీ!”

నేను తలవంచుకుని తుక్కు ఏరుతున్నాను. తిట్లు తింటూ అంత సంతోషపడ్డ ఆడది గుంటూరు జిల్లాలో ఆ రోజు ఇంకొకతె ఉండి ఉండదు.

శ్యామలాంబగారు చాప అంచున కింద కూర్చున్నారు. “నారి వదులైతే ఎట్లా తెలుస్తుంది?” అని మెల్లిగా అడిగారు.

“ఇంటే తెలవదా ఏందమ్మా! పొద్దుటేళ ఒక రకంగా మోగుద్ది, ఎండ ముదిరాక ఇంకో రకంగా మోగుద్ది. వానపట్టున అసలు పలకదు, సలికి ముడుచుకున్న ముసలోళ్ళ మాదిరి మూలుగుద్ది…” అని అందుకున్నాడు. ఇక ఆగలేదు. ముదురు పత్తికీ లేత పత్తికీ తేడా, పెళ్ళి పరుపుకీ బాలింత పరుపుకీ తేడా, ఏ ఊళ్ళో ఎవరింట పరుపు కుడితే ఏం పెట్టారో కూడా చెప్పాడు. చేతులు పనిలో ఉన్నాయి, నోరు దాని దారిన అది పోతోంది. పండితులు ఒక్కొక్కరే బెంచీలు వదిలి చాప చుట్టూ చేరారు. టేపు ఒకవైపు అయిపోతే తిప్పి రెండోవైపు వేశారు.

పని ఆగాక త్యాగరాజుగారు ఇంకా పట్టు వదలలేదు. “బాగానే ఉంది బుడాన్‌గారూ. మరి ఇంట్లో ఏం మాట్లాడతారు?”

“ఇంట్లో మాట్టాడేదే ఇదయ్యగారూ. ఇందాక మాట్టాడిందే నాది కాదు, మా అమ్మాయి పుస్తకంలోది” అన్నాడు నాయన.

హాలంతా గొల్లుమంది. ఈసారి నవ్వు ఆయన మీద కాదు.

శ్యామలాంబగారు టేపు వెనక్కి తిప్పి వినిపించారు. “మీకు ఇష్టమైతేనే దాచుకుంటాం, లేదంటే చెరిపేస్తాం” అని ముందే చెప్పారు. నాయన తన గొంతు తాను వినడం అదే మొదటిసారి. ఒసే ఖాజా అన్నచోట ఉలిక్కిపడ్డాడు. చేతులా అయ్యి చేటలా అన్నచోటికి వచ్చేసరికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. 

“ఇది నా తిట్టు కాదు. మా అమ్మది. జోహరాబీ. నాకు ఏడేళ్ళప్పుడు పత్తి పరవటం నేర్పిస్తా ఇదే తిట్టు తిట్టేది. ఆవిడ పొయ్యి నలభయ్యేళ్ళయింది. ఇన్నాళ్ళూ యాడుందో, నా నోట్లోనే ఉంది.” కండువాతో కళ్ళు తుడుచుకుని త్యాగరాజుగారి వైపు తిరిగాడు. “అయ్యా, ఆ కాయితంలో ఇంకో బాస ఏదో రాశారంట. ఆ బాసలో తిడితే నాకు తిట్టినట్టే తెలవదు. కొట్టేసి తెలుగని రాయండి. టేపు ఉంచండమ్మా. మా అమ్మ పేరు కూడా ఎక్కిచ్చండి.”

శ్యామలాంబగారు ఫారం తీసి త్యాగరాజుగారి ముందు పెట్టారు. ఆయన కలం మూత తీశారు. తర్వాత ఉర్దూ అన్నమాట కొట్టేసి ‘తెలుగు’ అని రాశారు. ఎవరి దగ్గర నేర్చుకున్నారు అన్నచోట ‘తల్లి జోహరాబీ’ అని రాసి, పైకి చదివి వినిపించారు. ముత్యాల అక్షరాలే. ఇందాకటికన్నా నాకు బాగా కనిపించాయి.

తరగతులు ఆ రోజుతో అయిపోయాయి. సాయంత్రం నాలుగింటికి గుంటూరు బస్టాండులో దర్శి బస్సెక్కాం. లోపల కాలు పెట్టే చోటు లేదు. కండక్టరు విల్లు టాపు మీద వెయ్యమంటే నాయన ససేమిరా అన్నాడు. ఇద్దరు కూర్చునే సీటులో నేనూ, నాయనా, విల్లూ ఇరుక్కున్నాం. ఈ పదిహేనేళ్ళలో నా పక్కన కూర్చుంటే ‘కొంచెము జరుగుతావా అమ్మా’ అనేవాడు, అదీ గొంతు తగ్గించి, నా స్కూలు పిల్లల తల్లిదండ్రులెవరైనా వింటారేమోనని.

బస్సు కదిలింది. కుదుపుకు విల్లు కొస నా పక్కటెముకల్లో గుచ్చుకుంది. నాయన నా వైపు చూశాడు. ఏదో పుస్తకం మాట ఏరుకోబోయి మానేశాడు. 

“ఏందే, కదలకుండా కుచ్చున్నావు? జరగవే అవతలకి!” అని బస్సు పైకప్పు ఎగిరేట్టు అరిచాడు. తలలు తిరిగాయి. మా ఊరివాళ్ళు ఇద్దరు, దర్శి హైస్కూలు లెక్కల మాస్టరు ఒకాయన, వెనక సీట్లో మిర్చి రైతులు.

“ఇంత విల్లు ఒళ్ళో ఎట్టుకుని నన్ను జరగమంటే యాడికి జరిగేది నాయనా? డ్రైవరు ఒళ్ళోకి పొమ్మంటావా?” అన్నాను. లెక్కల మాస్టరుకు కూడా వినపడేట్టే అన్నాను.