మావయ్య బూట్లు

కుక్కపిల్ల బుడంకాయ్ చచ్చిపోయింది. తప్పంతా ఇంట్లో అందరూ పిడుగు అని పిలిచే పదేళ్ల పిల్ల నెత్తిన పడింది.

"వద్దు మొర్రో అన్నా వీధిలోకి ఎత్తుకెళ్లావ్! ఇప్పుడేడిస్తే వస్తుందా?" అని వాళ్లమ్మ ఒకటే కేకలు. పిడుగేమో బుడంకాయ్ పాలగిన్నె ఒళ్లో పెట్టుకుని సోఫా మూల నక్కింది.

ఎదురుగా కూర్చున్న మావయ్య పశువుల డాక్టరు. అక్కను ఆపాల్సింది పోయి తల దించుకున్నాడు. పాపం, వీధి ఏం చేసింది? పది రోజుల కిందట కుక్కపిల్లల్ని చంపే పార్వో వైరస్ సోకిన ఓ కుక్కకి సెలైన్ పెట్టి, అవే బూట్లతో బుడంకాయ్‌కి మొదటి టీకా వేయడానికి ఈ ఇంటికొచ్చాడు. బయల్దేరేముందు బూట్లు స్పిరిట్‌తో తుడిచాడు. ఆ వైరస్ స్పిరిట్‌కి చావదు, బ్లీచింగ్ నీళ్లు కావాలి. ఆ సంగతి ఊరందరికీ చెప్పే పెద్దమనిషే! బకెట్ పెరట్లో ఉందని బద్ధకించాడు. బుడంకాయ్ ఆ బూట్ల లేసులే నమిలి ఆడుకుంది. టీకా పని మొదలెట్టేలోపే జబ్బు ముదిరింది.

"మావయ్యా, ఆ వైరస్ దాని ఒంట్లోకి ఎలా దూరింది?" పిడుగు ముక్కు ఎగబీల్చింది.

"కణాలకి ఇనుము కావాలమ్మా. దాన్ని అందుకోడానికి కణం పైన కొక్కేల్లాంటివి ఉంటాయి. వైరస్ పైతొడుగు ప్రోటీన్లతో చేసింది. అది సరిగ్గా ఆ కొక్కేలకే తగులుకుంటుంది. పిచ్చి కణం ఇనుమే అనుకుని లోపలికి లాక్కుంటుంది. ఎదిగే పిల్లలకి ఆ కొక్కేలు మరీ ఎక్కువ."

"మరి దాన్ని వీధిలోకి తీసుకెళ్లింది నేనే కదా."

ఆ మాట విన్నాక ఇంకా నోరు మూసుకుని కూర్చుంటే అతనసలు మనిషేనా?

"నువ్వు కాదు తల్లీ. నా బూట్లతో నేనే తెచ్చా," అన్నాడు. తుడవడం, బద్ధకం, అన్నీ చెప్పేశాడు. అక్క కూతురి పక్కన కూలబడి తల నిమిరింది. పిడుగు మాత్రం అతని వైపు చూడనే లేదు.

ఆదివారం మళ్లీ వెళ్లాడు. గుమ్మం ముందు ప్లాస్టిక్ టబ్బులో బ్లీచింగ్ నీళ్లు గుప్పుమంటున్నాయి.

'ఇప్పుడింట్లో కుక్కేదీ లేదుగా' అనబోయి నాలుక్కరుచుకున్నాడు.

"బూట్లతోనే అందులో నిలబడు మావయ్యా," అంది పిడుగు. నిలబడ్డాడు. ఎప్పుడూ అతను గడప దాటకముందే మెడకి చుట్టుకునే పిల్ల, చేతులు కట్టుకుని ఆ బూట్లవంకే చూస్తూ ఉండిపోయింది.