గురువారం పెద్దమ్మ

“ఆవిడ సంచీలో కత్తెర ఉంటుందే. ఇంత పొడుగుది. మన గేటు దగ్గర ఎవరూ తడిమి చూడరు. ఏదైనా జరిగితే?”

గురువారం మధ్యాహ్నం మూడు కావస్తోంది. తల్లి టీ గిన్నె పొయ్యి మీద పెట్టి, వంటింటి గుమ్మంలో నిలబడి ఆ మాట అంది. ముందుగదిలో కూతురు రెండు కుర్చీలు ఎదురెదురుగా లాగి, మధ్యనున్న బల్లని పక్కకి జరుపుతోంది.

“టైలరు సంచీలో కత్తెర కాక గరిటె ఉంటుందా అమ్మా?” అంది కూతురు తలెత్తకుండానే.

తల్లికి నవ్వు రాలేదు. ఆమెకి ఏదైనా ముందు చెడ్డగానే కనబడుతుంది. కూతురు రెండుసార్లు తుమ్మితే ఆసుపత్రి మంచం కనబడుతుంది, కారు పది నిమిషాలు ఆలస్యమైతే లోయ కనబడుతుంది. ఫోను మోగకపోతే భయం, మోగితే ఇంకా భయం. అలాంటి మనిషికి ఇలాంటి ఉద్యోగం చేసే కూతురు పుట్టింది. కూతురు దౌత్యవేత్త. రెండు మతాల వాళ్ళు కొట్టుకు చచ్చిన చోటికల్లా ఆమెనే పంపుతారు. వెంట సైన్యం ఉండదు, చేతిలో కర్ర కూడా ఉండదు. ఒక నోటుపుస్తకంతో వెళ్ళి, వాళ్ళ చేత మాట్లాడిస్తుంది. ఇరవై రెండేళ్ళుగా అదే పని. పెళ్ళి మాటెత్తితే “ఈ ఒక్క ఊరూ కానీ” అనేది. ఊళ్ళు అవలేదు కానీ పెళ్ళి మాట మాత్రం అయిపోయింది. తండ్రి పోయాక తల్లి కూడా కూతురి పెట్టెలతో పాటు ఊరూరా తిరుగుతోంది. ఇది ఐదో ఇల్లు.

ఈ ఊళ్ళో తగవు ఒక సందు గురించి. సందుకి ఇటు కొసన ఒక మతం వాళ్ళ ప్రార్థనాలయం, అటు కొసన ఇంకో మతం వాళ్ళది. మూడేళ్ళ కిందట గొడవల్లో ఏడుగురు పోయాక సందు మధ్యలో ఇనుపగేటు పెట్టి తాళం వేశారు. శ్మశానాలన్నీ ఒక పక్కన, ఆసుపత్రి ఇంకో పక్కన. దాంతో వీళ్ళు శవాన్నీ, వాళ్ళు రోగినీ ఊరంతా చుట్టి మోసుకుపోవలసి వస్తోంది. ఆ తాళం తీయించడానికి కూతురు పదకొండు నెలలుగా కూర్చుని ఉంది.

అటు పక్క పెద్దాయన ఆఫీసుకే వచ్చి మాట్లాడతాడు. ఇటు పక్క వాళ్ళలో మగవాళ్ళు ఎందరున్నా మాట చెల్లేది టైలరావిడదే. పుట్టిన బిడ్డ చొక్కా దగ్గర్నుంచి పోయినవాళ్ళ మీద కప్పే గుడ్డ దాకా అందరికీ ఆవిడే కుట్టింది. పోయిన ఏడుగురిలో ఆవిడ తమ్ముడొకడు. ఆఫీసు గేటు దగ్గర నా సంచీ తడమనివ్వనని ఆవిడ భీష్మించుకుంటే, అయితే మా ఇంటికి రండి అంది కూతురు. అలా మొదలైంది గురువారం.

తల్లి గుండెల్లో మంట కూడా అప్పుడే మొదలైంది.

టైలరావిడ వచ్చే ముందు కూతురు ఫోను ఆపేసి సొరుగులో పడేస్తుంది. ఎదురుగా కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఆవిడ మొహంలోకి చూస్తూ వింటుంది. ఆవిడ ఒక మాట అంటే, “మీరన్నది ఇదే కదూ” అని ఆ మాటని మళ్ళీ తను చెబుతుంది. ఆవిడ తలూపేదాకా జవాబు చెప్పదు. అది ఆమె పని పద్ధతట, ఎదుటివాడి మాటని వాడికి తృప్తిగా తిరిగి చెప్పాకే మన మాట మొదలుపెట్టాలట. తల్లి వంటింట్లోంచి అంతా వింటూనే ఉంటుంది. తనతో అయితే పద్ధతేమిటి? “ఊఁ, చెప్పమ్మా” అంటూ ఫోను మీద వేలు ఆడిస్తూనే ఉంటుంది. ఒకరోజు తల్లి పరీక్ష పెట్టింది. మోకాలి నొప్పి గురించి చెబుతూ చెబుతూ మధ్యలో “ఇల్లు అంటుకుంది” అంది. కూతురు “అయ్యో, మందు రాసుకో” అంది.

పైగా ఆ పిలుపొకటి. “పెద్దమ్మా” అంటుంది ఆవిణ్ణి. పెద్దమ్మంటే తల్లికి అక్క. ఈ తల్లికి అక్కలే లేరు. ఆవిడ కూడా ఆ వరస పట్టుకుని “ఏం చెల్లెమ్మా, కులాసానా?” అంటూ టీ అందుకుంటుంది. లెక్క కడితే తనే రెండేళ్ళు పెద్ద. ఈ సంగతి ఎవరికి చెప్పుకోవాలో తెలియక తల్లి ఆవిడ టీలో పంచదార ఒక చెంచా తగ్గించేది. ఆవిడ అదే బాగుందని మెచ్చుకుంది.

ఆ గురువారం ఆవిడ సమయానికే వచ్చింది. ఆవిడ గుమ్మంలో అడుగు పెడుతుండగానే కూతురికి ఆఫీసు నుంచి కబురొచ్చింది. అరగంటలో వస్తానని, పెద్దమ్మని కూర్చోబెట్టమని చెప్పి కారెక్కింది. ముందుగదిలో ఇద్దరు పెద్దవాళ్ళు ఎదురెదురుగా మిగిలారు.

తల్లికి మౌనం పడదు. కారు వేగంగా పోనిస్తాడని డ్రైవరు మీద నాలుగు మాటలు చెప్పింది. టైలరావిడ విని, ఓదార్పుగానే అంది.

“మీ అమ్మాయికేం కాదు చెల్లెమ్మా. పోయినూళ్ళో తుపాకులవాళ్ళు బడిలో పెట్టి తలుపేసినప్పుడే ఏమీ కాలేదు. నాలుగు గంటలు! నాకు చెబుతుంటేనే వినలేకపోయాను. మీరు ఆ రోజు ఎలా ఓర్చుకున్నారో.”

తల్లి చేతిలో టీ కప్పు అలాగే ఉండిపోయింది. ఏ రోజు? ఏ బడి? వెతికితే గుర్తొచ్చింది. ఆ రోజు కూతురు చీకటి పడేవేళకి వచ్చి, మీటింగు సాగిందని చెప్పి, స్నానం చేసి, అన్నం తింది. చల్లారిపోయిన కూర మళ్ళీ వేడి చేయాల్సి వచ్చిందని తను సణిగింది కూడా. అంతే. ఆ నాలుగు గంటల మాట తొమ్మిది నెలలు కడుపున మోసిన తనకి తెలియదు. గురువారం గురువారం సంచీ వేసుకొచ్చే ఈవిడకి తెలుసు.

కూతురు బతికి బట్టకట్టినందుకు సంతోషించాలి ముందు. తల్లికి అది తట్టలేదు. ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది.

“అది అందరితోనూ అలాగే కూర్చుంటుందండీ,” అంది. గొంతు తనకే తియ్యగా వినబడింది. “దాని ఉద్యోగమే అది. పొద్దున అవతలి పెద్దాయనతోనూ అంతే. ఆయన్ని బాబాయీ అంటుంది. ఆయన దగ్గరా కళ్ళు చెమ్మ చేసుకుంటుంది. మీరు వెళ్ళాక మీ మాటలన్నీ పుస్తకంలో రాసుకుంటుంది. ఊరికో పెద్దమ్మ ఉంది దానికి. ఊరు మారితే మళ్ళీ తలుచుకోదు.”

టైలరావిడ టీ సగంలో వదిలేసి, కళ్ళజోడు తుడుచుకుని, తలనొప్పిగా ఉందని చెప్పమని లేచి వెళ్ళిపోయింది. అరగంట తరవాత వచ్చిన కూతురికి తల్లి అదే చెప్పింది. అబద్ధం చెప్పలేదు కదా అని తనకి తను సర్దిచెప్పుకుంది.

మరుసటి గురువారం ఆవిడ రాలేదు. ఒంట్లో బాగాలేదని కబురు పంపింది. కూతురు ఫోను చేస్తే ఎవరో పిల్ల ఎత్తి, నిద్రపోతోందని పెట్టేసింది. ఆ రోజు మధ్యాహ్నం కూతురు ఇంట్లోనే ఉండిపోయింది, తల్లితో కలిసి భోంచేసింది. తల్లి కొసరి కొసరి వడ్డించింది. నిజం చెప్పాలంటే ఆ పూట ఆమెకి పండగలాగే ఉంది. తన మోకాలి సంగతి మొదటి నుంచీ చివరిదాకా చెప్పుకుంది. కూతురు “ఊఁ” అంటూనే ఉంది, కానీ చూపు ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీ మీదే ఉంది.

ఆ పై గురువారం కూడా అంతే. ఈలోపు ఇటు పక్క పెద్దలు గేటు తీసే కాగితం మీద సంతకాలు ఆపేశారు. టైలరావిడ కూర్చోకపోతే మేమూ కూర్చోమన్నారు. అదే వారంలో అటు పక్క ఒక ముసలాయనకి గుండె నొప్పి వస్తే, ఊరు చుట్టి ఆసుపత్రికి చేర్చేసరికి గంట పట్టిందని, కొద్దిలో తప్పిందని డ్రైవరు చెప్పాడు. తల్లికి ఆ గేటు తన చేతుల్తోనే మళ్ళీ మూసినట్టనిపించింది.

కూతురు నోటుపుస్తకం ముందేసుకుని, పేజీలు వెనక్కి తిప్పుకుంటూ, ఏ మాట దగ్గర తప్పు చేశానో అని వెతుక్కుంటోంది. తమ్ముడి మాట ఎత్తకూడని రోజున ఎత్తానా? సంతకాల తేదీ తొందరపెట్టానా? అని పైకే అనుకుంటోంది. తల్లి పక్కనే కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. నోరు తెరిస్తే కూతురు ఇక ఎప్పటికీ తన మొహం చూడదని భయం. తెరవకపోతే ఆ పుస్తకం చివరిపేజీ దాకా అలా తిప్పుకుంటూ పోతుందని ఇంకో భయం.

శనివారం పొద్దున కూతురు ఆఫీసుకి వెళ్ళాక, తల్లి కూతురి చలికోటు సంచీలో పెట్టుకుని టైలరు కొట్టుకి బయల్దేరింది. చిన్న కొట్టు. గోడంతా దారపుండలు, మూల రెండు మిషన్లు, కస్టమర్లకో బల్ల. టైలరావిడ తలెత్తి చూసి, కూర్చోమని చేత్తో చూపించింది. ఈసారి చెల్లెమ్మా అనలేదు. తల్లి కోటు అందించి, లోపలి లైనింగు చిరిగిందని చెప్పింది. ఆవిడ వెలుతురులో పెట్టి తిప్పి చూసింది.

“చిరగలేదండీ ఇది. కుట్టు విప్పారు. బ్లేడుతో. మీరేనా?”

తల్లి అవునని తలూపింది. ఇంక దాచడానికేమీ మిగల్లేదు. ఆ రోజు అన్న మాటలు కడుపుమంటతో అన్నవని చెప్పింది. ఆ బడి సంగతి తనకి తెలియదని, తనకి చెప్పనిది మీకు చెప్పిందని తెలిశాక ఒళ్ళు తెలియలేదని, పుస్తకంలో రాసుకుంటుందన్నది మర్చిపోకూడదనే తప్ప వేరే ఏమీ లేదని చెప్పింది. చెబుతూ కళ్ళొత్తుకుంది. నా వల్ల ఎవరైనా దారిలో పోతే ఆ పాపం నాదే అంది.

టైలరావిడ సూదిలో దారం ఎక్కించుకుని లైనింగు కుట్టడం మొదలుపెట్టింది. పుస్తకం సంగతి తనకి మొదటి రోజే తెలుసంది. తన ముందే రాసి చదివి వినిపించిందట.

“మరి ఎందుకు మానేశారు?”

ఆవిడ కొంచెం సేపు కుట్టింది. తరవాత, మొహం కోటులోకి వంచుకునే, “ఆ బాబాయి,” అంది. “అవతలాయన్ని బాబాయీ అంటుందని మీరన్నారు చూడండి. అది గొంతు దిగలేదు. రెండు రోజులు అన్నం సయించలేదు. నా ఒక్కదానితోనే అలా ఉంటుందనుకున్నాను. అరవయ్యేళ్ళు నాకు. మా వాళ్ళకి ఏమని చెప్పను, ఈర్ష్య పడ్డానని చెప్పనా? ఒంట్లో బాగాలేదన్నాను.”

తల్లికి తన కడుపులో ఉన్నదే ఎదురుగా ఇంకొకరు కూర్చుని చెబుతున్నట్టుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేక గోడనున్న దారపుండల్ని చూశారు. కాసేపటికి తల్లి, నాకు అరవై రెండు, నేనే మీకు అక్కని అంది. టైలరావిడ సూది ఆపి, ఆ సంగతి ముందే చెప్పి ఉండాల్సిందంది.

కోటు మడిచి ఇస్తూ ఒక్క షరతు పెట్టింది. ఇదంతా కూతురికి తల్లే చెప్పాలి, తనకి సిగ్గు. విన్నాక కూడా ఆ అమ్మాయి తనంతట తను పిలిస్తే వస్తాను, గేటు కాగితం మీద మా వాళ్ళ చేత సంతకం పెట్టించే పూచీ నాది అంది.

మధ్యాహ్నం కూతురు ఇంటికొచ్చి, బట్టలు ఇస్త్రీ చేసుకుంటుంటే తల్లి ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది. వాక్యం మధ్యలో ఆగకుండా, మోకాలినీ డ్రైవర్నీ కలపకుండా, జరిగింది జరిగినట్టు చెప్పింది. ఊరికో పెద్దమ్మ అన్న మాట కూడా దాచలేదు. కూతురు ఇస్త్రీపెట్టె నిలబెట్టి, ప్లగ్గు తీసి, అలాగే నిలబడి వింది. మొహం ఎర్రబడింది, తెల్లబడింది. ఒక్కసారి కూడా “ఊఁ” అనలేదు. అయ్యాక ఫోను తీసింది.

ముందు ఆవిడకే, అనుకుంది తల్లి. ఇప్పుడు కూడా ముందు ఆవిడకే. ఇంత అయ్యాక కూడా లోపల ఎక్కడో చురుక్కుమంది.

“పెద్దమ్మా, నేనే. రేపు మీ కొట్టుకి వస్తాను. అమ్మ కూడా వస్తుంది.” అవతల ఏమన్నారో వినబడలేదు. కూతురు కొంచెం నవ్వి పెట్టేసింది. మళ్ళీ ఇస్త్రీపెట్టె ప్లగ్గు పెట్టింది. తల్లి వైపు చూడలేదు.

గేటు సంగతి తేలినట్టే. ఇక తల్లికి మిగిలింది ఒకటే. అది అడక్కుండా ఆ స్టూలు మీంచి లేవలేదు.

“నాకెందుకు చెప్పలేదే? ఆవిడకి చెప్పావు. నాకెందుకు చెప్పలేదు?”

కూతురు చొక్కా చేతి మడత సరిచేసింది. నీళ్ళు చిలకరించింది. ఆ చెయ్యి అయింది, రెండో చెయ్యి అయింది, కాలరు అయింది. తల్లికి నోట్లో పది మాటలు ఆడుతున్నాయి. పోనీలే అందామా, నీళ్ళు తాగుతావా అందామా, భయపడతాననే కదా అని జవాబు కూడా తనే ఇచ్చేద్దామా అనిపించింది. పెదాలు బిగబట్టుకుని కూర్చుంది. కూతురు ఆ చొక్కా మడిచి పక్కన పెట్టి, ఇంకోటి తీసి బల్ల మీద పరిచింది. గుండీలు ఒక్కొక్కటే విప్పింది. వీధిలో ఏదో బండి వెళ్ళిన చప్పుడై ఆగిపోయింది. పెట్టె వేడెక్కి బల్ల మీద టిక్కుమంటోంది. చొక్కా మీద పెట్టలేదు.

“చెబితే నువ్వు ఏడుస్తావు, నిన్ను నేను ఊరుకోబెట్టాలి కదమ్మా,” అంది కూతురు చివరికి. “ఆ రోజు నన్నెవరైనా ఊరుకోబెడితే బాగుండుననిపించింది.”