వంటగది నేర్చుకున్న సైగలు

ఇలా నా పక్కకి జరుగు తల్లీ, ఆ టీవీ కాస్త తగ్గించు. మన పుష్పవతి కళ్ళారా చూసిన సంగతి చెబుతాను.

పుష్పవతి కూతురు చరితకి పుట్టుకతోనే వినపడదు, మాటలు రావు. ఇక్కడ ఐర్లాండ్‌లో, నేస్ అనే ఊరి దగ్గర మందుల ఫ్యాక్టరీ క్యాంటీన్ వంటగదిలో పని దొరికింది. దొరికిందన్న మాటేగానీ, తల్లి కూడా వెంట వెళ్ళి పక్కనే నిలబడేది. ఎవరేం చెప్పాలన్నా తల్లితోనే చెప్పేవారు. ఆమె చేతులు తిప్పి కూతురికి చెప్పేది. చివరికి మేనేజరు, "ఒక ఉద్యోగానికి ఇద్దరెందుకు? ఈ వారమంతా అమ్మాయి ఒక్కతే చెయ్యాలి. చేయగలిగితే ఉంటుంది, లేకపోతే లేదు" అనేశాడు.

ఆ వారం ఆఖరి రోజున పుష్పవతి ఉండబట్టలేక బస్సెక్కి వచ్చేసింది. చరితకి ఈ పని వెతికిపెట్టి, నిలదొక్కుకునేదాకా కనిపెట్టుకుని ఉండే గిరిజాకుమారి ఆమెని క్యాంటీన్ బల్ల దగ్గరే ఆపేసింది. ఆమె కూడా లూకన్ ఊళ్ళో ఉండే మన తెలుగు పిల్లే.

"లోపలికి వద్దు పుష్పక్కా. కూర్చుని టీ తాగండి."

"పిల్లనక్కడ ఒంటరిగా వదిలేస్తే టీ గొంతు దిగుతుందటే నాకు?"

"మీరెళితే అందరూ మీ మొహమే చూస్తారు, దాని మొహం చూడరు. పోనీ, ఏప్రన్ తెప్పించనా? ఉద్యోగం మీరే చేద్దురుగాని!"

"నోరు చూడు దీనికి!" అంటూ కూర్చుంది. కళ్ళు మాత్రం వడ్డించే కిటికీ మీదే ఉన్నాయి.

భోజనాల వేళయింది. లోపల ఫ్యాన్ల హోరు, గిన్నెల మోత. చరిత అటు తిరిగి సూపులో ఉప్పు వేస్తోంది. పెద్ద వంటవాడు డెక్లన్, తాటిచెట్టంత మనిషి, ఆమె వైపే విసవిసా వచ్చాడు. పిల్లని తిడతాడేమోనని పుష్పవతి లేచి నిలబడింది.

డెక్లన్ అరవలేదు. స్టీలు బల్ల మీద అరచేత్తో కొట్టాడు. ఆ అదురుకి చరిత తిరిగింది. అతను వేళ్ళకొసల్ని బొటనవేలితో రాసి, అరచెయ్యి అడ్డం పెట్టాడు. ఉప్పు చాలు.

పుష్పవతి దాన్ని వెంటనే గుర్తుపట్టింది. ఆ సైగ ఏ బళ్ళోనూ నేర్పరు. చరిత చంటిపిల్లగా ఉన్నప్పుడు, తెనాలిలో పొయ్యి ముందు కూర్చుని తాను కనిపెట్టింది. తమ ఇంట్లో తప్ప లోకంలో ఎవరికీ తెలియదనుకుంది.

"వీళ్ళకెవరు నేర్పారే?"

"ఇంకెవరు? మీరు లేకపోయేసరికి దాన్నే అడిగారు."

పుష్పవతి ఇంకా పరీక్షగా చూసింది. ఆ హోరులో ఒకరి మాట ఒకరికి అందక, చెవులు బాగా వినపడేవాళ్ళు కూడా 'వేడి, తప్పుకో' అని చేతులతోనే చెప్పుకుంటున్నారు. ఎక్కడి తెనాలి, ఎక్కడి నేస్! వంటగదంతా తన ఇంటి భాషే మాట్లాడుతోంది.

"మేనేజరేమన్నాడే?"

"'గ్రాండ్' అన్నాడు, అంటే వీళ్ళ భాషలో భేషుగ్గా ఉందని. సోమవారం నుంచి పని ఖాయం."

అప్పుడు చూసింది చరిత తల్లిని. 'నువ్వెందుకొచ్చావు? వెళ్ళు, నాకు పనుంది' అని కిటికీలోంచి చేతులు తిప్పింది. పుష్పవతి కళ్ళు తుడుచుకుంటూ బస్సుకి బయలుదేరింది.

ఇది మరిచిపోకు తల్లీ. నేను లేని చోట కూడా ఎవరికైనా చెప్పు. నీకొచ్చిన ఆ ఐరిష్ ఇంగ్లీషులోనైనా సరే, చెప్పు.