తొక్కే ముగ్గు

బడి ముందు కళ్ళాపి చల్లిన నేల మీద భారతమ్మ టీచరు నడుము వంచి ముగ్గుపిండితో దారులు గీస్తోంది. ఎడమచేతిలో కొబ్బరిచిప్ప. కుడిచేతి వేళ్ళ సందున పిండి సన్నగా జారుతోంది. గుండ్రాయి పెట్టినచోట ఐరాల, దాని అవతల చిత్తూరు. రాళ్ళు పేర్చినచోట తిరుమల కొండ, దాని కింద అలిపిరి, తిరుపతి. తూర్పున గోడవార ఒక గవ్వ. అది సముద్రం.

పిల్లలు ఆ దారుల మీద నడుస్తూ పాఠం చెప్పాలి.

"సముద్రంలో యాడిదాకా పోవచ్చు టీచరమ్మా?"

"నేను మోకాళ్ళదాకా పోయినాను. ఆపైన ఏముండాదో నువ్వు సూసొచ్చి నాకు చెప్పు."

తోటి పంతుళ్ళు ఇంటి పక్క ఊరికి బదిలీ కోసం తిరిగితే, భారతమ్మ తను చూడని ఊరు అడిగేది. "ఆయమ్మ కాళ్ళల్లో చక్రాలుండాయబ్బా" అని నవ్వేవాళ్ళు. సెలవొస్తే సంచి తగిలించుకుని ఏ బస్సు వస్తే అది ఎక్కేది. అక్కడి రాయో గవ్వో తెచ్చి ముగ్గులో పెట్టేది.

ఉద్యోగానికి ఈరోజే ఆఖరు. మనసంతా మునిలక్ష్మి మీద ఉంది. ఆ పిల్లకు ఐదో తరగతి అయిపోయింది. ఆరో తరగతికి బస్సెక్కి ఐరాల పోవాలి. తల్లి కుప్పమ్మ ఒప్పుకోలేదు.

పిలిపిస్తే మధ్యాహ్నం వచ్చి దూరంగానే నిలబడింది కుప్పమ్మ.

"ఆడబిడ్డను బస్సెక్కించి నేను ఇంట్లో ఎట్లా కూసోవాల? పెండ్లయినాక నేనే ఈ ఊరు దాటిందిల్యా."

"మీ పుట్టిల్లు యాడమ్మే?"

"వడమాలపేట. శానా దూరం."

భారతమ్మ తిరుపతి నుంచి ఇంకొంచెం గీసి ఒక రాయి పెట్టింది. "రా, నడువు."

కుప్పమ్మ కాలు వెనక్కి తీసుకుంది. "ముగ్గు తొక్కకూడదు గదా!"

"ఇది తొక్కే ముగ్గేమే."

కుప్పమ్మ కొంగు బిగించి నడిచింది. ఐరాల, చిత్తూరు, తిరుపతి. కొత్త రాయి దగ్గర ఆగి వెనక్కి చూసింది.

"ఇంతేనా?"

"పొద్దున బస్సెక్కితే మద్యాన్నం కూడు ఆడే తింటావు."

కుప్పమ్మ అక్కడే కూలబడింది. "మాయమ్మ పోయినప్పుడు శానా దూరమని నన్ను పంపలేదు టీచరమ్మా."

చాలాసేపు ఆ రాయిని నిమురుతూ కూర్చుంది. పోతూ పోతూ గవ్వ వైపు చూసి, "సముద్రం కూడా దగ్గరే ఉన్నట్టుండాదే" అంది.

సాయంత్రం బస్సొచ్చింది. భారతమ్మ చిప్పను మునిలక్ష్మి చేతిలో పెట్టి ఎక్కింది.

"ఏ ఊరికి టీచరమ్మా?"

"బోర్డు సూడలేదే. కండక్టరును అడుగుతా."

ఎండలు తగ్గి బళ్ళు తెరిచిన రోజు, కుప్పమ్మ గడప నుంచి ఒక ముగ్గుగీత వీధి దాటి, బస్సు ఆగేచోటికి పోయింది. గీత పొడుగునా చిన్న పాదాల గుర్తులు. దాని చివర, అంచుకు తెల్లగా పిండి అంటుకున్న ఖాళీ కొబ్బరిచిప్ప.