రెండొందల పదమూడోది

ఒహాయో నది రెండోసారి ఊళ్లోకొచ్చిన ఏడు అది. నీళ్లు చర్చి మెట్లు ఐదు ముంచి ఆగాయి. బేస్‌బాల్ గ్రౌండు ఆరేసరికి జూన్ దాటింది. ఆ ఏటి చివరాట సెప్టెంబరు ఆఖరి ఆదివారానికి పోయింది.

నేను క్యాచర్ని, బ్యాటు పట్టినవాడి వెనక కూచుని బంతి పట్టేవాణ్ణి. బంతి విసిరే పిచ్చర్ డెల్బర్ట్ క్రౌస్‌ది ఎడంచెయ్యి. పద్నాలుగేళ్లు వాడి బంతులు పట్టాను. పట్టానంటే అబద్ధం, వెంటపడ్డాను. నాకందకుండా వెనక కంచెకి పోయే బంతి వాడి పేరున వైల్డ్ పిచ్ అని పుస్తకంలో పడుతుంది. అలాంటివి రెండొందల పన్నెండయ్యాయి. మా లీగులో ఎడంచేతివాళ్లలో అన్ని వేసింది ఇంకొక్కడే, ఆయన పోయాడు. ఇంకొక్కటి పడితే, పిమ్ గారి మంగలిషాపులో వేలాడే రికార్డుల బోర్డు మీద డెల్బర్ట్ పేరెక్కుతుంది.

"నవ్వుతార్రా," అన్నాను.

"నవ్వనీ. ఆ బోర్డెక్కడానికి నాకింకే దారుంది? రేపట్నుంచి మా బావమరిది ధాన్యం గోదాములో బస్తాలు మొయ్యాలి. ఇదే ఆఖరాట."

ఆ రోజే వాడి చెయ్యి మాట విన్నది, బంతులన్నీ తిన్నగా పోయాయి.

అవతలి జట్టువాడు బేస్ మీదుండి, బంతి పోయిందని ముందుకు పరిగెడితేనే వైల్డ్ పిచ్ లెక్కలోకొస్తుంది. ఎనిమిది ఇన్నింగ్సుల్లో ఒక్కడూ బేస్ ఎక్కలేదు. నాలుగు బంతులు బయటికేస్తే అవతలివాడు ఊరికే ఎక్కుతాడు కదా అని వేశాడు. వాళ్లు వాటి వెంటా పడి బ్యాటు ఊపారు.

"ఆగడం ఎవరూ నేర్పలేదట్రా ఈ గాడిదలకి?" అన్నాడు.

జనం లేచి నిలబడి చప్పట్లు. వాడి పెళ్లాం ఓపల్ ఈలేసింది కూడా.

చివరి ఇన్నింగ్స్‌లో ఇద్దరు అవుటయ్యాక, మావాడొకడు తేలిక బంతి జారవిడిచాడు. అవతలివాడు మొదటి బేస్ ఎక్కాడు. జారవిడిచినవాణ్ణి డెల్బర్ట్ ముద్దుపెట్టుకునేలా చూశాడు.

తర్వాతి బంతి నా ముందు మట్టిలో పడి లేచింది. ఛాతీ అడ్డం పెట్టాను. ఆగింది.

వాడు నా దగ్గరికొచ్చాడు. "ఎందుకాపావురా?"

"అలవాటు."

"పద్నాలుగేళ్లు లేంది ఇవాళే అయిందా అలవాటు!"

ఆ తర్వాతిది జానెడు పక్కగా వచ్చింది. చెయ్యి కాస్త ఆలస్యంగా చాపాను. బంతి కంచెకి తగిలింది. బేస్ మీదవాడు రెండో బేస్‌కి పరిగెత్తాడు. డెల్బర్ట్ టోపీ ఎగరేశాడు.

లెక్క రాసేది పిమ్ గారే. కళ్లద్దాలు తుడుచుకుని, "చేతికందే బంతి. క్యాచర్ తప్పు," అని నా పేరున రాశాడు.

"అది పక్కకి పోయిందండీ," అన్నాను.

"మా అమ్మ పట్టేదయ్యా వెండెల్. ఆవిడకి ఎనభైనాలుగు."

డెల్బర్ట్ మండిపోయి తర్వాతి మూడు బంతులూ తిన్నగా విసిరి ఆఖరివాణ్ణి అవుట్ చేశాడు. గెలిచాం. జనం వాణ్ణి భుజాలకెత్తుకున్నారు. వాడేడుస్తుంటే సంతోషమనుకున్నారు.

"పద్నాలుగేళ్లూ పట్టడం రాలేదు! ఇవాళ వదలడమూ రాలేదు!" అని పైనుంచి నన్ను తిట్టాడు.

నేనూ ఆ ఏటితో ఆపేస్తానని ఇంట్లో చెప్పి ఉన్నాను.

మర్నాడు పొద్దున మోకాళ్లకి గుర్రాల తైలం రాసుకుని, వచ్చే ఏడూ ఆడతానని సంతకం పెడదామని క్లబ్బు ఆఫీసుకి వెళ్లాను. తలుపింకా తియ్యలేదు. గోదాములో ఉండాల్సిన డెల్బర్ట్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"జరుగు," అన్నాను.

జరిగాడు. కూర్చున్నాను.