గోనెకుట్టు

...ఈ కుర్చీ ఒకటి, ఎక్కడికి పోయినా ముందు నాకు కుర్చీ వేస్తారు, చర్చిలోనూ అంతే, నాగాయలంక దాటి వచ్చిన ఈ జాలరిపేటలోనూ అంతే, మీరు కూర్చోండి ఆరోన్ తాతగారూ, మేం చూసుకుంటాంగా, అంటుంది మా సంఘం పిల్ల డయానా, సేవకని మమ్మల్నందర్నీ బస్సెక్కించింది తనే, పార మాత్రం నా చేతికివ్వదు, మరి వన్ టౌన్ నుంచి ఇంత దూరం కుదుపులు తిన్నది కూర్చోడానికా, వరద తీసిన ఇళ్ళలో అడుగు మందాన ఒండ్రు, మా సంఘం పిల్లలు ఎత్తిపోస్తున్నారు, ఒకరి మీద ఒకరు చల్లుకుని నవ్వుకుంటున్నారు, నేను మజ్జిగ గ్లాసు పట్టుకుని చూస్తున్నాను, నలభై ఏళ్ళు గోడౌన్లలో బస్తాలు మోసి, బస్తాలు కుట్టిన ఒళ్ళు ఇది, ఇక్కడ కూడా దీనితో పనిలేదంటే ఇక ఆదివారం పూట కూడా గది దాటి రాను, అనుకునే వచ్చాను, ఎవరితోనూ అనలేదు, అనే అలవాటు లేదు, మా ఆవిడ రూతు పోయిన ఈ ఆరేళ్ళలో మాట మరీ తగ్గిపోయింది.

ఎదురింటి అరుగు మీద వల, ఏట్లో కొట్టుకొచ్చిన తుమ్మకొమ్మలకు చిక్కి చిరిగినట్టుంది, చెయ్యి దూరేంత చిరుగులు, ఇంటామె కుళాయి దగ్గరకు పోయింది, డయానా అటు తిరిగి ఉంది, దబ్బనం నా జేబులోనే ఉంటుంది ఎప్పుడూ, మేం తెచ్చిన బియ్యం మూటల పురికొస కావలసినంత ఉంది, ఇక లేచాను, చిరుగు అంచులు రెండూ దగ్గరకు లాగి కుట్టు మీద కుట్టు, వేళ్ళకు అన్నీ గుర్తున్నాయి, మిరపకాయల ఘాటు, తుమ్ములు, కుడితే గింజ కారకూడదురా అనే మేస్త్రీ, మధ్యాహ్నం క్యారేజీ తెచ్చి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గుమ్మంలోనే నిలబడే రూతు, ఒక చిరుగు, రెండు, మూడు, గట్టిగా, గాలి కూడా దూరకుండా.

ఓరి నాయనో, ఏం చేశావయ్యా పెద్దాయనా, అని బిందె కింద పడేసినంత పనిచేసింది ఆ ఇంటామె, ఇది వలా బియ్యం బస్తానా, ఇట్టా మూసేస్తే నీళ్ళెట్టా పోతాయి, లాగితే ఏరంతా పడవలోకొస్తది, వరదయ్యాక రేపే మొదటిసారి మా ఆయన ఏట్లోకి దిగేది, ఉన్నది ఈ ఒక్క వలే, ఎవరు నేర్పారయ్యా నీకీ పని, అంటూ కేకలు, అయిపోయింది, నేను ఎందుకూ పనికిరానని ఊరంతా చూసింది, డయానా పరుగెత్తుకొచ్చింది, క్షమించండి గంగాదేవి గారూ, పెద్దవాళ్ళు, తెలియక చేశారు, మీరు రండి తాతగారూ, కూర్చుందురుగాని, అంది, ఎక్కడికి వచ్చేది, అంది గంగాదేవి, కుట్టినోడే విప్పాలి, ఇట్టా కూర్చో నువ్వు, కాళ్ళు చాపు, వల కన్ను ఒకటి కాలి బొటనవేలికి తగిలించు.

తగిలించాను, కుట్టంతా విప్పాను, దారం చుట్టిన వెదురుపుల్ల చేతికిచ్చింది, చిరుగును మూయకూడదట, పాత కళ్ళంత కొత్త కళ్ళు అల్లి నింపాలట, ముడి జారితే నా మణికట్టు మీద ఒక్కటి వేసింది, చెయ్యి చూడు రోకలిబండ, ముడి చూడు చంటిపిల్ల జడ, అంది, అయితే బస్తాలో పడిన చేప తప్పించుకుంటదా అమ్మా, అన్నాను, నేనేనా అన్నది, ఆమె పుల్ల పక్కన పడేసి నవ్వింది, ఏమయ్యోయ్, ఈ ముసలాయన మాట్లాడతన్నాడు, అని ఇంట్లో ఉన్న మొగుడు ఎల్లారావును పిలిచింది, నేనూ నవ్వాను, పొట్ట కదిలేలాగా, మళ్ళీ ముడి జారింది, మళ్ళీ తిట్టింది.

బస్సు హారన్ కొడుతోంది, పొద్దు వాలింది, బయల్దేరాలి తాతగారూ, అంటోంది డయానా, ఇంకా పన్నెండు కళ్ళున్నాయి, పంపను, అంటోంది గంగాదేవి నా వేళ్ళ మీంచి చూపు తిప్పకుండా, ఆగమను, పనుంది, అన్నాను నేను, ఇంత గట్టిగా నేను ఎవరినీ ఆగమన్నది ఎరగను, డయానా ఒక్క క్షణం చూసి డ్రైవర్‌తో చెప్పడానికి పోయింది, పాపం మంచి పిల్ల, నన్ను ఎంత జాగ్రత్తగా చూసుకుంటుందో, ఆరేళ్ళుగా అందరూ అంతే, గారూ గారూ అంటూ ఒక్క మాట పడనివ్వలేదు, ముడి సరిగ్గా బిగించు, మాటల్లో పడమాక, అంటోంది ఈమె, అలాగేనమ్మా, అంటున్నాను, నా ముడి రేపు ఏట్లో నిలిస్తేనే వీళ్ళింట్లో పొయ్యి వెలిగేది, అందుకే తిడుతోంది.